గొంతు కూడా రచనే: బిల్లీ హాలిడే రికార్డుల చరిత్ర

1

పాటను గురించి మన విమర్శలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. ముందుగా పాటను కాగితం మీదికి దించుకుంటాం. అందులో వస్తువేమిటి, ప్రతీకలేమిటి, నుడికారం ఏ ప్రాంతానిది, దృక్పథం సరైనదా కాదా అని చూస్తాం. ఇదంతా అవసరమే. అయితే ఆ పాటను ఏ గొంతు పాడింది, ఏ మాట దగ్గర ఆగింది, ఏ మాటను సాగదీసింది, డప్పు ఎక్కడ హెచ్చి ఎక్కడ తగ్గింది అనే ప్రశ్నలు మన వ్యాసాల్లో దాదాపుగా కనిపించవు. పాట రాసినవాడు రచయిత, పాడినవాడు ఆ రచనను జనం దగ్గరికి మోసుకుపోయే వాహకుడు అనే అభిప్రాయం మన ఆలోచనలో పైకి చెప్పకుండానే పనిచేస్తున్నది.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఉండి సాహిత్యం గురించి ఆలోచించేవాళ్లకు ఇది చిన్న లోపం కాదు. ఇక్కడి సాహిత్యంలో పెద్ద భాగం కాగితం మీద పుట్టలేదు. ఒగ్గుకథ పుటల్లోంచి రాలేదు. గోండుల వంశగాథల్ని తరతరాలుగా కిక్రి వాయిస్తూ పాడుతున్న పర్ధాన్లకు గ్రంథం లేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన కాలంలో ఊరి నుంచి ఊరికి నడిచిన రైతుకూలీ పాటలు ముందు నోటికి వచ్చి, తర్వాతే చిన్న పుస్తకాల్లోకి ఎక్కాయి. ఈ సాహిత్యాన్ని అక్షరాల్లో మాత్రమే చదివితే మన చేతికి వచ్చేది సగమే.

ఈ విషయాన్ని తేల్చుకోవడానికి నేను దూరదేశపు ఉదాహరణ ఒకటి తీసుకుంటున్నాను. ఆమె అమెరికన్ నల్లజాతి గాయని బిల్లీ హాలిడే. 1915లో పుట్టి 1959లో చనిపోయింది. 1933 నుంచి 1959 దాకా రికార్డులకు పాడింది. తను రాసిన పాటలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అయినా ఆమె పాడిన పాటల్ని ఇవాళ ప్రపంచం ఆమె పాటలుగానే గుర్తుపెట్టుకుంది. ఇది ఎట్లా సాధ్యమైంది? ఇందులో కంపెనీ పాత్ర ఏమిటి, యంత్రం పాత్ర ఏమిటి, ఆమె పాత్ర ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం ఆమె రికార్డుల చరిత్రలోనే ఉంది.

2

జాజ్ సంగీతం తెలియని పాఠకుల కోసం ఒక మాట. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజల పని పాటలు, గుడి పాటలు, బ్లూస్ అనే దుఃఖగీతాలు, పటాలపు బ్యాండు వాయిద్యాలు కలిసి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో న్యూ ఆర్లియన్స్ నగరంలో రూపుకట్టిన సంగీతం అది. అందులో వరుస అనేది కంచె కాదు, బాట మాత్రమే. వాయించేవాడు ప్రతిసారీ ఆ బాట మీద తన నడక తాను నడుస్తాడు. మనకు ఇది కొత్త సంగతి కాదు. మల్లన్న కథ అందరికీ తెలిసిందే. అయినా ఒగ్గు పూజారి రాత్రంతా చెబుతుంటే జనం కూర్చుని వింటారు. కథ తెలియక కాదు, ఆ రాత్రి అతడు ఎట్లా చెబుతాడో వినడానికి. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు పేరు ఒగ్గుకథతో ముడిపడి నిలిచింది కథను కనిపెట్టినందుకు కాదు, చెప్పిన తీరుకు.

బిల్లీ హాలిడే అసలు పేరు ఎలినోరా ఫేగన్. ఫిలడెల్ఫియాలో పుట్టి బాల్టిమోర్‌లో కటిక పేదరికంలో పెరిగింది. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నతనంలో ఒక వేశ్యాగృహంలో పనులు చేస్తూ, అక్కడి గ్రామఫోను మీద బెస్సీ స్మిత్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు విన్నానని ఆమె తన ఆత్మకథలో చెప్పుకుంది. అంటే ఆమెకు గురువు కూడా రికార్డే. ఒక తరం గొంతును మరో తరం చెవికి, మధ్యలో గురుకులం లేకుండానే, యంత్రం చేర్చింది.

1933 నవంబరులో జాన్ హేమండ్ అనే యువకుడు న్యూయార్క్‌లో బెస్సీ స్మిత్ చేత చివరి రికార్డులు పాడించాడు. మూడు రోజుల తర్వాత, నవంబరు 27న, బెన్నీ గుడ్‌మన్ బృందంతో బిల్లీ హాలిడే చేత మొదటి రికార్డు పాడించాడు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. అసలు పని మాత్రం 1935 జూలైలో పియానో వాద్యకారుడు టెడ్డీ విల్సన్‌తో మొదలైంది. బ్రన్స్‌విక్ కంపెనీకి కావలసింది కళాఖండాలు కాదు, జూక్‌బాక్సులకు సరుకు. మద్యనిషేధం 1933లో ఎత్తివేసిన తర్వాత అమెరికా నిండా సారా దుకాణాలు తెరుచుకున్నాయి. నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెలు ఆ దుకాణాల్లో వెలిశాయి. వాటికి తక్కువ ఖర్చుతో, తొందరగా తయారయ్యే రికార్డులు కావాలి.

ఆ రోజుల్లో కొత్త పాటలు మార్కెట్లోకి రాగానే మంచివి పేరున్న తెల్లజాతి గాయకులకు పోయేవి. మిగిలిన తాలు ఎక్కువగా నల్లవాళ్ల పాలయ్యేది. వాటిలో చాలా పాటలు వెన్నెల, ముద్దు, విరహం అని అరిగిపోయిన మాటలతో కట్టినవి. సంగీతకారులు పొద్దున స్టూడియోకు వచ్చి, అక్కడికక్కడ పాట చూసుకుని, కొన్ని గంటల్లో మూడు నాలుగు పాటలు పూర్తిచేసి వెళ్లేవారు. ముందుగా రాసి పెట్టుకున్న వాద్యరచన దాదాపు ఉండేది కాదు.

ఈ స్థితిలో ఆమె ఏం చేసిందన్నది విమర్శకులు శ్రద్ధగా చూడవలసిన విషయం. ఆమె గొంతు పెద్దది కాదు. స్థాయి ఒక అష్టకానికి కాస్త మించి. ఎత్తైన స్వరాలకు పోలేదు, గమకాల ప్రదర్శన చేయలేదు. వరుసలో ఎగుడుదిగుళ్లను తగ్గించి, నాలుగైదు స్వరాల మీదే పాటను నిలిపింది. తాళం పడ్డాక ఒక క్షణం ఆగి మాట పలికింది. వెనకబడుతున్నట్టే ఉండి చరణం చివరికి సరిగ్గా తాళాన్ని అందుకుంది. అరిగిపోయిన ప్రేమవాక్యం ఆ ఆలస్యం వల్ల అనుమానంగా, ఎగతాళిగా, ఒక్కోసారి తనను తాను ఓదార్చుకునే అబద్ధంగా వినిపిస్తుంది. సాహిత్యంలో మనం ధ్వని అనేదాన్ని ఆమె ఒక్క అక్షరం మార్చకుండా సాధించింది. 1937 జనవరిలో లెస్టర్ యంగ్ అనే సాక్సోఫోను వాద్యకారుడు ఆమెకు తోడయ్యాడు. అతని వాయిద్యం ఆమె మాటకు జవాబు చెబుతున్నట్టు ఉంటుంది. ఆమెకు లేడీ డే అనే పేరు పెట్టింది అతడే.

మైకు లేకపోతే ఈ పద్ధతి పుట్టేది కాదు. 1925 తర్వాత విద్యుత్తు సహాయంతో రికార్డు చేయడం మొదలయ్యేసరికి గాయకులు అరవవలసిన అవసరం తీరింది. చెవిలో చెప్పినట్టు పాడవచ్చు. యంత్రం కళను చంపుతుందని ఒక వాదం, యంత్రమే కళను ప్రజలకు చేరుస్తుందని ఇంకో వాదం మన దగ్గర ఉన్నాయి. ఆమె విషయంలో యంత్రం ఒక కొత్త ఉచ్చారణకు అవకాశం ఇచ్చింది. ఆ అవకాశాన్ని కళగా మలచింది మాత్రం మనిషే.

3

కళను మలచిన మనిషికి ఏం దక్కిందో కూడా చూడాలి. బ్రన్స్‌విక్, వొకాలియన్, తర్వాత వాటిని చేజిక్కించుకున్న కొలంబియా పేర్ల మీద 1933కూ 1942కూ మధ్య ఆమె నూట యాభైకి పైగా పాటలు రికార్డు చేసింది. వీటికి పాటకు ఇంత అని కూలి ముట్టేది. రికార్డు ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినా, ఎన్నేళ్లు అమ్ముడుపోయినా ఆమెకు రాయల్టీ లేదు. పాట రాసినవాళ్లకూ ప్రచురణకర్తలకూ చట్టం హక్కు ఇచ్చింది. పాడినవాళ్లకు ఇవ్వలేదు. అంటే గొంతు రచన కాదు, కూలిపని అని చట్టం కూడా భావించింది. మన విమర్శలోని అలవాటుకూ ఆ చట్టానికీ ఉన్న దగ్గరితనాన్ని ఇక్కడ గమనించాలి.

ఒప్పందం డబ్బు దగ్గర ఆగదు, గొంతునే తాళం వేసి పెడుతుంది. 1937–38లో ఆమె కౌంట్ బేసీ బృందంతో దేశమంతా తిరిగింది. జాజ్ చరిత్రలో అది గొప్ప కలయిక. కాని ఆమె ఒక కంపెనీకీ బేసీ మరో కంపెనీకీ కట్టుబడి ఉన్నందువల్ల స్టూడియోలో ఆ కలయిక నమోదు కాలేదు. రేడియో ప్రసారాల నుంచి పట్టుకున్న కొద్ది ముక్కలే మిగిలాయి. 1938లో ఆర్టీ షా బృందంలో చేరింది. తెల్లవాళ్ల బృందంలో ఒక నల్లజాతి స్త్రీ ప్రధాన గాయనిగా నిలవడం అప్పటికి సాహసం. ఆ బృందంతో కూడా ఒప్పందాల తగాదా వల్ల ఒకే ఒక్క పాట రికార్డయింది. న్యూయార్క్‌లో ఒక హోటల్లో తెల్ల అతిథుల కంట పడకుండా సామాన్లు మోసే లిఫ్టులో వెళ్లమన్నారు. ఆ ఏడాది చివరలో ఆమె ఆ బృందాన్ని విడిచింది.

4

ఇక ఆమె పేరును ప్రపంచమంతా చెప్పుకునేలా చేసిన పాట దగ్గరికి వద్దాం. 1930లో ఇండియానా రాష్ట్రంలోని మేరియన్ పట్టణంలో ఇద్దరు నల్లజాతి యువకుల్ని గుంపు జైలు నుంచి లాగి చెట్టుకు ఉరితీసింది. శవాల కింద నిలబడి జనం ఫోటోకు నవ్వుతూ చూశారు. ఆ ఫోటో చూసి కలత చెందిన ఏబెల్ మీరోపోల్ అనే బడి పంతులు ఒక పద్యం రాశాడు. అతడు కమ్యూనిస్టు. దక్షిణాది చెట్లకు వేలాడే శవాల్ని కాయలుగా, పండ్లుగా చూపిన ఆ పద్యం 1937లో ఉపాధ్యాయ సంఘం పత్రికలో అచ్చయింది. తర్వాత అతడే దానికి వరుస కట్టాడు. న్యూయార్క్ వామపక్ష సభల్లో దాన్ని పాడుతూ వచ్చారు. ఇదే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’. 1953లో అమెరికా ప్రభుత్వం రోజెన్‌బర్గ్ దంపతులకు మరణశిక్ష అమలుచేసిన తర్వాత వాళ్ల ఇద్దరు కొడుకుల్ని పెంచుకున్నదీ ఈ మీరోపోల్ దంపతులే.

1938 డిసెంబరులో బార్నీ జోసెఫ్‌సన్ న్యూయార్క్‌లో కేఫ్ సొసైటీ అనే క్లబ్బు తెరిచాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునే చోటు అది. మీరోపోల్ అక్కడికి వచ్చి ఆమెకు పాట వినిపించాడు. 1939 తొలినెలల నుంచి ఆమె దాన్ని కార్యక్రమం చివర పాడసాగింది. ఆ సమయంలో సర్వర్లు కదలకూడదు. దీపాలన్నీ ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క వెలుగే ఉంచేవారు. పాట కాగానే చీకటి. తిరిగి దీపాలు వెలిగేసరికి ఆమె వేదిక మీద ఉండేది కాదు. ఎంత చప్పట్లు కొట్టినా మళ్లీ వచ్చేది కాదు.

కొలంబియా కంపెనీ ఈ పాటను రికార్డు చేయనన్నది. దక్షిణాది వ్యాపారులు తమ రికార్డుల్ని బహిష్కరిస్తారని దాని భయం. కమొడోర్ అనే చిన్న రికార్డుల దుకాణం, కంపెనీ నడుపుతున్న మిల్ట్ గేబ్లర్ ముందుకు వచ్చాడు. 1939 ఏప్రిల్ 20న ఫ్రాంకీ న్యూటన్ బృందంతో రికార్డింగు జరిగింది. పాట చిన్నది కావడంతో మొదట పియానో, ట్రంపెట్ వాయిద్యం చేర్చారు. నిమిషం దాటాక గాని ఆమె గొంతు వినిపించదు. అప్పుడు కూడా ఆమె ఏడవదు, అరవదు. వెన్నెల పాటల్లో తాళంతో ఆడిన ఆట ఇక్కడ పూర్తిగా మానేసింది. ప్రతి మాటనూ విడిగా, స్పష్టంగా, సాక్ష్యం చెబుతున్నట్టు పలికింది. చివరి మాటను మాత్రం సాగదీసి, కిందికి దిగకుండా పైననే వదిలేసింది. పద్యంలో ముగింపు ఉంది. ఆమె పాటలో ముగింపు లేదు. ఈ తేడా కాగితం మీద కనిపించదు.

ఇక్కడ రెండు వివాదాలు మనకు పనికివస్తాయి. మొదటిది కర్తృత్వం. 1956లో వచ్చిన ఆత్మకథలో ఈ పాటకు వరుస కట్టడంలో తనకూ భాగముందని ఆమె చెప్పుకుంది. అది నిజం కాదు. మాటలూ వరుసా మీరోపోల్‌వే. కష్టజీవి పంతులు రాసిన పాటను అతనికి దక్కకుండా చేయడం ఎవరు చేసినా తప్పే. అయితే రికార్డు విన్నవాళ్లకు ఆమె మాటలో ఒక సగం సత్యం కూడా వినిపిస్తుంది. అచ్చులో ఉన్నది మీరోపోల్ పద్యం. ఏప్రిల్ 20న మైనం మీద పడ్డది మరో రచన. దానికి ఇద్దరు కర్తలు.

రెండోది వస్తువు, శిల్పాల వివాదం. ఆమెను వెలుగులోకి తెచ్చిన జాన్ హేమండ్ స్వయంగా వామపక్ష అభిమాని. అయినా ఈ పాట విజయం ఆమె కళకు చేటు చేసిందని, ఆమె తన గురించి మరీ గంభీరంగా భావించుకోవడం మొదలుపెట్టిందని అతని అభిప్రాయం. దీనికి ఎదురుగా, ఆమె పాడినవాటిలో ఈ ఒక్కటే విలువైనదని, మిగతావి ప్రేమగీతాల చెత్త అని అనుకునే అభ్యుదయవాదులూ ఉన్నారు. రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. వెన్నెల పాటల మీద ఆరేళ్లు సాధన చేసిన నిగ్రహం లేకపోతే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ ఒక నినాదమో ఏడుపో అయి ఉండేది. అదే రికార్డు రెండో వైపున ఆమె తనే కట్టిన ‘ఫైన్ అండ్ మెల్లో’ అనే బ్లూస్ ఉంది. మోసం చేసే మగవాడి మీద ఒక ఆడమనిషి చెప్పే మాట అది. జూక్‌బాక్సుల్లో బాగా ఆడింది కూడా ఆ వైపే. ఉరి చెట్టూ ఉత్త సంసారపు బాధా ఒకే రికార్డుకు రెండు పక్కల ఉన్నాయి. శ్రమజీవి బతుకులో కూడా ఆ రెండూ అట్లాగే ఉంటాయి.

5

తర్వాతి చరిత్రను క్లుప్తంగా చెబుతాను. 1942 ఆగస్టులో అమెరికన్ సంగీతకారుల సంఘం రికార్డింగు సమ్మె చేసింది. రికార్డులు, జూక్‌బాక్సులు వాద్యకారుల కూడు తీస్తున్నాయి కనుక కంపెనీలు సంఘ నిధికి వాటా కట్టాలని వాళ్ల డిమాండు. పెద్ద కంపెనీలు లొంగడానికి 1944 నవంబరు దాకా పట్టింది. కళాకారులు తాము కార్మికులమని గుర్తించి గెలిచిన పోరాటమది. 1944లో ఆమె డెకా కంపెనీకి మారింది. తీగ వాయిద్యాలతో ‘లవర్ మాన్’ పాడింది. 1947లో మాదకద్రవ్యాల కేసులో జైలుపాలయి 1948 మార్చిలో విడుదలయింది. ఆ కొద్ది రోజులకే కార్నెగీ హాలు నిండిపోయేలా జనం వచ్చారు. కాని మద్యం అమ్మే చోట్ల పాడడానికి న్యూయార్క్ పోలీసులు ఇచ్చే కార్డును రద్దు చేశారు. తన నగరంలో తన జీవనోపాధి అయిన క్లబ్బులు ఆమెకు చనిపోయేదాకా మూసుకుపోయాయి. గొంతు మీద పోలీసు లైసెన్సు అంటే ఏమిటో మన ప్రాంతపు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

1952 నుంచి నార్మన్ గ్రాంజ్ ఆధ్వర్యంలో పాత పాటల్ని మళ్లీ పాడింది. 1935 నాటి పాటనూ 1955 నాటి పాటనూ పక్కపక్కన పెట్టి వినడం సాహిత్య విద్యార్థులకు మంచి పాఠం. మాటలు అవే. గొంతు బొంగురుపోయింది, ఊపిరి తగ్గింది. కాని అదే మాట ఇప్పుడు అనుభవించి చెబుతున్న మాటగా మారింది. 1958 నాటి ‘లేడీ ఇన్ శాటిన్’లో ఆ గొంతు దాదాపు చిరిగిపోయింది. దాన్ని పతనమని కొందరు, పరాకాష్ఠ అని కొందరు అంటారు. నేను రెండోవారి పక్షమే. 1959 జూలై 17న న్యూయార్క్ ఆసుపత్రిలో, మంచం దగ్గర పోలీసు కాపలా ఉండగా చనిపోయింది. బ్యాంకు ఖాతాలో డెబ్భై సెంట్లు ఉన్నాయి. ఆమె పాడిన రికార్డులు మాత్రం ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి.

6

ఏప్రిల్ 20 అన్న తేదీ మన ప్రాంతంలో వేరే అర్థంతో గుర్తుంటుంది. 1981లో అదే రోజున ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం ఒప్పుకున్న చావులు 13. చనిపోయినవాళ్లు అంతకన్నా చాలామంది అని అక్కడి ప్రజలు చెబుతారు. తేదీల కలయికకు నేను అర్థం అంటగట్టడం లేదు. సాక్ష్యం ఎక్కడ నిలుస్తుందన్నదే నా ప్రశ్న. ఇంద్రవెల్లి స్తూపాన్ని 1980లలోనే కూల్చారు, మళ్లీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20న అక్కడికి వెళ్లడానికి కూడా ఎన్నో ఏళ్లు ఆంక్షలుండేవి. ఆ ఏళ్లలో సాక్ష్యం ప్రధానంగా పాటలో బతికింది. ఆ పాటలు పాడిన గొంతుల్లో ఎన్ని మన దగ్గర నమోదై ఉన్నాయి?

హైమెన్‌డార్ఫ్ 1940లలో పర్ధాన్ల నోటి నుంచి గోండు గాథలు సేకరించి 1948లో పుస్తకంగా అచ్చువేశాడు. అది విలువైన పని. కాని ఆ పుస్తకంలో కిక్రి మోగదు. మంచిర్యాల ప్రాంతంలోని లింగాపూర్‌కు చెందిన గూడ అంజయ్య 2016లో మరణించాడు. ‘ఊరు మనదిరా’ అన్న ఆయన పాటను రాసిందెవరో తెలియకుండానే పాడుకున్న ఊళ్లెన్నో. పల్లె నుంచి పల్లెకు మారినప్పుడల్లా ఆ పాటలో ఏ మాట మారింది, ఎవరు మార్చారు అన్నది సాహిత్య చరిత్రే. 1980లలో క్యాసెట్లు వచ్చి పెద్ద గ్రామఫోను కంపెనీల పెత్తనాన్ని దెబ్బతీశాయి. చిన్న గదిలో, తక్కువ ఖర్చుతో ప్రజల పాట రికార్డయింది. గేబ్లర్ దుకాణం చేసిన పనే అది. అయితే నా దగ్గరున్న పాత క్యాసెట్లలో చాలావాటి అట్టల మీద వంత పాడిన ఆడవాళ్ల పేర్లు లేవు. డప్పు కొట్టినవాళ్ల పేర్లు లేవు. పెట్టుబడిదారీ కంపెనీ చేసిన అన్యాయాన్ని ప్రజల పక్షాన నిలబడ్డవాళ్లు కూడా తెలియకుండానే కొనసాగించారన్న మాట.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం పాడేవాళ్లకు హక్కేమీ ఇవ్వలేదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణ దాన్ని బలపరిచి, వాణిజ్య వినియోగంలో రాయల్టీకి చోటు కల్పించింది. చట్టం కూడా గొంతును ఒక మేరకు రచనగా ఒప్పుకోవలసి వచ్చింది. కాని ఈ హక్కు గురించి తెలిసిన ఒగ్గు కళాకారులెందరు, పర్ధాన్లెందరు? ఊరి జాతరలో పాడిన పాటను ఎవరో ఫోనులో పట్టుకుపోయి అమ్ముకుంటే అడిగే దారి వాళ్లకు ఎవరు చెప్పారు? ఇది రచయితల సంఘాలు చేయవలసిన పని. పుస్తకం ముందుమాటలు రాయడం కన్నా తక్కువ పని కాదు.

విమర్శకుల పని కూడా మారాలి. పాట మీద వ్యాసం రాసే విద్యార్థి అది ఎవరి నోట విన్నాడో, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఏ వాయిద్యంతో విన్నాడో రాయాలి. ఒకే పాటకు రెండు గొంతులు దొరికితే రెంటినీ పోల్చాలి. ఉద్యమ గీతంతో పాటు అదే మనిషి పాడే బతుకమ్మ పాటనూ, నాట్ల పాటనూ, జోలపాటనూ సేకరించాలి. ఎందుకంటే ఉద్యమ గీతానికి నిగ్రహం అక్కడి నుంచే వచ్చింది. పాత క్యాసెట్ల టేపులు బూజు పడుతున్నాయి. పాడినవాళ్లు వృద్ధులవుతున్నారు. గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గుబాయిల దగ్గర, సిరిసిల్ల మగ్గాల దగ్గర, ఉట్నూరు గూడేలలో ఆ మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి రికార్డరుతో పోవాలి. పాటతో పాటు పాడినవాళ్ల పేరు రాసుకోవాలి, వాళ్ల అనుమతి తీసుకోవాలి, ఒక ప్రతి వాళ్ల చేతికే ఇచ్చి రావాలి.